విజిలు వెయ్యని కుక్కరు

ఆ వీధిలో ఆవిడని అందరూ క్యాంటీనమ్మ అనేవారు. అసలు పేరేమిటని ఎవరైనా అడిగితే సొంత మనవరాళ్ళే ఓ క్షణం తడుముకునేవారు. వయసులో ఉన్నప్పటి నుంచీ ఫ్యాక్టరీ క్యాంటీనులో వంట చేసింది. ఆ ఉద్యోగం ముగించి ఇంటిపట్టున కూర్చున్నాక కూడా ఆ పేరు ఆవిణ్ణి వదల్లేదు. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. ఇప్పటికీ వీధి చివర కూరగాయల కొట్టతను కోడలు కనిపిస్తే చాలు, "ఏమ్మా, క్యాంటీనమ్మగారి కోడలా, మెత్తబడ్డ టమాటాలున్నాయి, తీసిపెట్టనా?" అంటాడు. పండి మెత్తబడ్డవాటిని ఏరి మరీ పట్టుకెళ్ళే ఇల్లు ఆ వీధిలో అదొక్కటే. కోడలు తలూపి సంచీ చాపుతుంది. నడిచి వస్తుంటే ఒక్కోసారి కళ్ళు మసకబారతాయి. అది బాధో మరొకటో ఆ కోడలికే తెలియదు. రెండూ కలిసే ఉంటాయేమో.

అత్తగారి గురించి చెప్పమంటే ఆ కోడలు ముందు వంటగది దగ్గర మొదలుపెడుతుంది.

పెళ్ళయి ఆ ఇంటికి వచ్చేనాటికి ఆమెకి వంట సరిగ్గా రాదు. తల్లి చిన్నప్పుడే పోయింది. చదువు అయిదో తరగతితో ఆగింది. పుట్టింట్లో నేర్పేవాళ్ళు లేక చేతికి తోచినట్టు ఉడకేసుకుని తిన్నారు. ఇక్కడ చూస్తే అత్తగారు ఒక పూటకి ఫ్యాక్టరీ జనం అంతటికీ వండి వార్చే మనిషి. అలాంటి మనిషి ముందు గరిటె పట్టుకోవాలా అని కొత్త కోడలికి గుండెల్లో రాయి పడింది. పెళ్ళయి వచ్చిన మర్నాడు పొద్దున్నే క్యాంటీనుకి బయల్దేరిన అత్తగారు, చెప్పులేసుకుని గుమ్మం దాటినదల్లా మళ్ళీ వెనక్కి తిరిగింది.

"ఇదిగో అమ్మాయ్, నాకు అక్కడ ఒక వంటగది ఉంది. ఇది నీది. ఏ డబ్బా ఎక్కడ పెట్టుకుంటావో నీ ఇష్టం. నేనొచ్చి వెతుక్కుంటాలే."

అంతే, వెళ్ళిపోయింది. ఆ మాట మీద నిలబడింది కూడా. ఉప్పెక్కువైన రోజున "పోన్లే, ఇవాళ మంచినీళ్ళు బాగా తాగుతాం" అంది. అడుగు మాడిన రోజున "నేను మాడ్చిన గంగాళాలు తోమలేక ఒకడు ఉద్యోగమే మానేసి పోయాడు, నువ్వెంత" అంది. కొడుకు కంచం ముందు మొహం ముడిచాడా, అప్పుడు మాత్రం ఊరుకునేది కాదు. "నచ్చకపోతే లేచి వండుకోరా. ఆ పొయ్యి నీకైనా వెలుగుతుంది."

ఆవిడకో అలవాటుండేది. వంట ఎలా ఉందని ఎవర్నీ అడిగేది కాదు. అందరూ లేచి వెళ్ళాక కంచాల వంక ఓసారి చూసేది, అంతే. క్యాంటీనులో పళ్ళేలు కడిగే తొట్టి పక్కన నిలబడి నేర్చుకున్న విద్య అది. తిన్నవాళ్ళు మొహమాటానికి బాగుందంటారు, కంచానికి మొహమాటం తెలీదు కదా అనేది.

మనవరాళ్ళిద్దరూ బడికి వెళ్ళే వయసుకి వచ్చారు. క్యాంటీను ఉద్యోగం ముగిసింది. ఇంక ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరూ కలిసి వండుకోవచ్చు అనుకుంటుండగా ఆవిడకి పక్షవాతం వచ్చింది. పెద్దగా కాదు. కాలు తేరుకుంది, మాట తేరుకుంది. కుడి చెయ్యి మాత్రం చెప్పిన మాట వినడం మానేసింది. గ్లాసు పట్టుకుంటే సగం నీళ్ళు ఒళ్ళో పడేవి. చాకు పట్టుకుంటే ఉల్లిపాయ ఒకవైపు, చాకు ఒకవైపు పోయేవి.

ఆవిడ ఊరుకునే రకం కాదు. ఒక సాయంత్రం కోడలు మేడ మీద బట్టలు తీస్తుండగా తనే పొయ్యి వెలిగించింది. మూకుడు దించబోతే చెయ్యి వణికింది. పట్టుకున్న మసిగుడ్డ మంటలో పడి, మంట ఆవిడ జాకెట్టు చేతికి పాకింది. అప్పుడే పనినుంచి వచ్చిన కొడుకు చేతిలో సంచీ గుమ్మంలోనే పారేసి, పరిగెత్తుకెళ్ళి ఉత్త చేతుల్తో ఆర్పాడు. ఆవిడ మోచెయ్యి కాస్త బొబ్బలెక్కింది. అతని అరచేతులు ఇంకాస్త ఎక్కువ.

కొడుకు బస్సు డిపోలో మెకానిక్. నలుగురిలో నోరు విప్పని మనిషి. ఆ రోజు చేతులకి మందు రాయించుకుంటూ అన్నాడు: "అమ్మా, ఇంక నువ్వు వంటగదిలోకి రావద్దు. ఇంకోసారి ఇలా జరిగితే నావల్ల కాదు."

గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అని ఉంటే ఆవిడ తిరిగి నాలుగు అనేది.

అప్పటినుంచీ క్యాంటీనమ్మ కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. కూర్చుంది అంటే ఇక కూర్చునే ఉంది. కోడలు కంచం చేతికిస్తే రెండు ముద్దలు తిని పక్కన పెట్టేది. ఆకలి లేదా అత్తయ్యా అంటే, ఏం పని చేశానని ఆకలి అనేది. కొన్నాళ్ళకి ఆ మాట కూడా అనడం మానేసింది. చిన్న మనవరాలు బడి బూట్లతో ఇల్లంతా తిరిగినా తిట్టలేదు. పెద్ద మనవరాలు పాలగిన్నె పొంగబెట్టినా తిట్టలేదు. ఆవిడ తిట్లు వినబడని ఇంట్లో ఎవరికీ ఊపిరాడలేదు. డాక్టరు చూసి ఒంట్లో కొత్త జబ్బేమీ లేదన్నాడు. కోడలికి మాత్రం తెలుసు. ఆవిడ వండకుండా ఉంటే ఎక్కువ రోజులు ఉండదు. అదెలా చెప్పాలో, ఎవరికి చెప్పాలో తెలీలేదు.

బీరువా మీద ఒక కరెంటు ప్రెషర్ కుక్కరు ఉండేది. డిపోలో ఏదో మంచి పనికి మెచ్చుకుని కొడుక్కి ఇచ్చినది. ఇంటికి తెచ్చిన రోజున క్యాంటీనమ్మ దాని చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, మూత ఎత్తి చూసి, "విజిలు వెయ్యని కుక్కరేంట్రా? నోరు లేని మనిషితో కాపురంలా. లోపల కోపంగా ఉందో నిద్రపోయిందో ఎలా తెలుస్తుంది?" అని తేల్చేసింది. దాంతో అది బీరువా ఎక్కింది. పిల్లల పాత పుస్తకాల సంచులు దాని మీద ఎక్కాయి.

ఒక సాయంత్రం చిన్నది స్నేహితురాలి ఇంటినుంచి వస్తూనే మొదలుపెట్టింది. "అమ్మా, వాళ్ళింట్లో పాస్తా చేశారు. ఎంత బాగుందో. వాళ్ళమ్మ అన్నీ ఒకేసారి అందులో పడేసి మూత పెట్టేసింది. పొయ్యి కూడా వెలిగించలేదు!"

"పొయ్యి వెలిగించకుండా ఎలా ఉడుకుతుందే?" అంది కోడలు.

"మన బీరువా మీద ఉన్నదే. అలాంటి కుక్కరే!"

కోడలు చేతిలో పని ఆగిపోయింది. మంట లేదు. మూకుడు ఎత్తి దించక్కర్లేదు. పిండి కలపక్కర్లేదు, ఒత్తక్కర్లేదు. తరిగి ఇచ్చేవాళ్ళుంటే కుర్చీలో కూర్చుని వండొచ్చు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మెల్లగా భర్త చెవిన వేసింది. అతను కంచం పక్కకి జరిపాడు.

"మంట లేదు సరే. ఆవిరి ఉందిగా. ఆవిరి ఏమన్నా చుట్టమా?"

"నేను పక్కనే ఉంటానండీ. మూత పెట్టడం, తియ్యడం అంతా నేనే."

"నువ్వు పక్కన లేకపోతే ప్లగ్గు కూడా పెట్టకూడదు."

"పెట్టం."

అలా బీరువా మీది కుక్కరు కిందికి దిగి భోజనాల బల్ల ఎక్కింది. కోడలు దాన్ని తుడిచి, అత్తగారి కుర్చీ బల్ల దగ్గరికి లాగింది.

"అత్తయ్యా, చిన్నది పాస్తా కావాలంటోంది. నాకు దీని సంగతి తెలీదు. మీరే చెప్పాలి."

"నాకు మాత్రం ఏం తెలుసు? నేనెప్పుడన్నా దీన్ని ముట్టుకున్నానా?"

"వందల మందికి వండారు. నాకంటే మీకే తెలుస్తుంది."

"నన్ను మభ్యపెట్టకు," అంది గాని, ఎడం చెయ్యి అప్పటికే పాస్తా ప్యాకెట్ మీద ఉంది. ఒక ముక్క తీసి వేళ్ళ మధ్య తిప్పింది. స్క్రూల్లా మెలికలు తిరిగిన రకం. కొరికి చూసింది. "గోధుమే. గట్టి గోధుమ," అంది తనలో తను.

పెద్దది ఉల్లిపాయలు తరిగింది. చిన్నది ప్యాకెట్ చించింది, సగం నేల మీద పోసింది. "ఒలికినవి ఏరు, గాడిదా," అంది నానమ్మ. కోడలు చటుక్కున అటు తిరిగింది. ఎన్నాళ్ళకి విన్న తిట్టు అది!

క్యాంటీనమ్మకి చదవడం రాదు, ఏ బొత్తాం నొక్కాలో తెలీదు. చిన్నది గోళ్ళ రంగు తెచ్చి నొక్కాల్సిన బొత్తాం మీద ఎర్ర చుక్క పెట్టింది. తరవాత ఉత్సాహం పట్టలేక నానమ్మ బొటనవేలి గోరు మీద కూడా పెట్టింది.

కుక్కరు తన పని చేసుకుని కీచుమని అరిచి ఆగింది. కోడలు మూత మీద చెయ్యి వేయబోతే అత్తగారు కసిరింది. "ఆగు! ఆవిరి దానంతటది దిగాలి. తొందరపడి తెరిచి మొహం కాల్చుకున్న మనిషిని నా కళ్ళతో చూశాను."

అందరూ బల్ల చుట్టూ కూర్చుని ఎదురుచూశారు. చిన్నది బల్ల మీద తల పెట్టుకుని కునికింది. చివరికి మూత తీస్తే లోపల మెలికలూ లేవు, పాస్తా లేదు. గోడకి పోస్టర్లు అంటించే జిగురులా ఒక ఎర్రటి ముద్ద ఉంది. ఆవిరి దిగేదాకా అది లోపల ఉడుకుతూనే ఉంది మరి.

కొడుకు ఓ చెంచాడు తిన్నాడు. "పొద్దున్నుంచీ స్క్రూలు బిగించాను, ఇంట్లో కూడా స్క్రూలేనన్నారు. ఏవీ?"

పిల్లలు పకపకా నవ్వారు. క్యాంటీనమ్మ నవ్వలేదు. అందరూ లేచాక కంచాల వంక చూసింది. ఏ కంచమూ ఖాళీ కాలేదు. కానీ ఆ మర్నాడు పొద్దున్నే కిటికీ వైపు కాకుండా బల్ల వైపు తిరిగి కూర్చుంది. అది చాలు అనుకుంది కోడలు.

పెద్దది బళ్ళో ఆ స్నేహితురాలి అక్కని అడిగి వచ్చింది. "నానమ్మా, అయిపోగానే ఆవిరి వదిలెయ్యాలట. మూత మీద ఆ పిడి తిప్పితే పోతుందట."

"అలాగా? అయితే ఇవాళ చూద్దాం దాని సంగతి," అంది క్యాంటీనమ్మ. ఆ రోజు ఆవిడలో క్యాంటీను పూర్తిగా లేచింది. కోడలు ఎంత పోసినా "ఇంత గిన్నెలో ఇంతేనా? ఎదురింటి దర్జీక్కూడా ఓ గిన్నె పంపొద్దూ? ఇంకా పొయ్యి!" అంది. ప్యాకెట్ మొత్తం పోశారు. నీళ్ళు అంచుదాకా పోశారు. అందరికీ చాలాలి కదా.

కుక్కరు కీచుమంది. కోడలు పొడుగాటి చెక్క గరిటె తీసుకుని, దూరంగా నిలబడి, దాని కొసతో పిడిని ఒక్క తోపు తోసింది.

బుస్సుమని లేచింది. ముందు ఆవిరి, ఆ వెనకే ఎర్రటి నురగ. గోడ మీద, గడియారం మీద, క్యాలెండరు మీద. చిన్నది కేరింతలు కొడుతూ బల్ల కింద దూరింది. సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని కొడుకు లోపలికి వచ్చాడు.

ఎవరికీ ఏమీ కాలేదు. చుక్క కూడా మీద పడలేదు. అతను అది చూడలేదు. గోడ మీద ఎర్రగా కారుతున్నది చూశాడు, కుర్చీలో ఉన్న తల్లిని చూశాడు. వెళ్ళి ప్లగ్గు పీకేశాడు. ఆవిరంతా పోయి చల్లారేదాకా నిలబడి, గిన్నె ఖాళీ చేసి, కుక్కర్ని మళ్ళీ బీరువా మీద పెట్టాడు.

"ఇంక చాలు," అన్నాడు.

క్యాంటీనమ్మ లేచి వెళ్ళి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ పూట మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మర్నాడూ అంతే. కోడలు గిన్నె పట్టుకుని పక్కన కూర్చుంటే, "నీ పని చూసుకో అమ్మాయ్. నాకేం కావాలి," అంది. ఆ గొంతులో కోపం ఉంటే బాగుండేది. కోపం లేదు.

ఆ సాయంత్రం కొడుకు పెరట్లో కుళాయి దగ్గర చేతులకి గ్రీజు వదలగొట్టుకుంటున్నాడు. కోడలు తువ్వాలు పట్టుకుని వెళ్ళి నిలబడింది. ఆమె భర్తకి ఎదురు మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాట్లాడింది.

"ఏవండీ, ఒక మాట చెప్పనా?"

"అమ్మ సంగతైతే వద్దు."

"అమ్మ సంగతే." తువ్వాలు ఇవ్వకుండా పట్టుకునే నిలబడింది. "నేను ఈ ఇంటికి వచ్చిన మర్నాడే ఆవిడ నాకు వంటగది ఇచ్చేసింది. నాకు పొయ్యి వెలిగించడం కూడా సరిగ్గా రాదని ఆవిడకి తెలుసు. నేను ఇల్లు తగలబెడతానేమోనని ఆవిడకి భయం లేదా? ఉండే ఉంటుంది. అయినా ఇచ్చి, తిరిగి చూడకుండా పనికి వెళ్ళిపోయింది. ఇవాళ ఆవిడ చేతిలో ఏమీ లేదు. ఒక్క గిన్నె ఇద్దామంటే మనకి భయమేస్తోంది."

"కాలితే?"

"కాలకుండా నేను చూసుకుంటాను. ఇలా పడుకుంటే మాత్రం నేను చూసుకోలేనండీ. ఇది నా చేతిలో లేదు."

అతను చేతులు కడుగుతూనే ఉన్నాడు. గ్రీజు ఎప్పుడో పోయింది. చివరికి తువ్వాలు అందుకుని, "ఆ పిడి నువ్వే తిప్పాలి. అమ్మ చెయ్యి అటువైపు కూడా వెళ్ళకూడదు," అన్నాడు.

లోపలికి వెళ్ళి బీరువా మీంచి కుక్కరు దింపి బల్ల మీద పెట్టాడు. పెట్టిన చప్పుడుకి మంచం మీద క్యాంటీనమ్మ ఇటు తిరిగింది.

ఆ రాత్రి ఆవిడ సగం కంచం తింది. తింటూ తింటూ ఆలోచించింది. క్యాంటీనులో ఆవిరితో ఉడికించే పెద్ద గంగాళం ఒకటుండేది. పిండి దినుసు ఏది వేసినా, ఆవిరి ఒక్కసారిగా వదిలితే నురగ కక్కేది. అందుకని కాస్త వదిలి, మీట మూసి, కాసేపు ఆగి, మళ్ళీ కాస్త వదిలేవారు. ఇన్నేళ్ళు చేసిన పని, ఈ బుల్లి గిన్నె ముందు కూర్చునేసరికి గుర్తే రాలేదు.

"చూశావా అమ్మాయ్," అంది మర్నాడు, "బుర్ర కూడా చేతిలాగే వణికిందన్నమాట."

అక్కణ్ణుంచి పద్ధతి కుదిరింది. సగం గిన్నె దాటి పోయకూడదు. ముందు అదే గిన్నెలో నూనె వేసి ఉల్లిపాయ, వెల్లుల్లి వేయించాలి. కాసిన్ని నీళ్ళు పోసి అడుగున అంటుకున్నదంతా చెక్క గరిటెతో గీకాలి. అడుగున ఏదన్నా మిగిలిందా, కుక్కరు అలిగి మధ్యలో ఆగిపోతుంది. తరవాత పాస్తా, దాని తల మునిగేంత నీళ్ళు, ఉప్పు. అన్నిటికంటే పైన మెత్తటి టమాటాల గుజ్జు, దుప్పటి పరిచినట్టు.

"కలపనా నానమ్మా?" అనేది పెద్దది.

"కలిపావంటే వేళ్ళు విరగ్గొడతా. గుజ్జు కిందికి దిగిందంటే అడుగు పట్టేస్తుంది. మూత తీశాక కలుపుకుందువుగాని."

"ప్యాకెట్ మీద నిమిషాలు రాసి ఉన్నాయి. అన్ని పెట్టనా?"

"అందులో సగం పెట్టు. ఆ సగంలోంచి కూడా చిటికెడు తగ్గించు."

"నిమిషాల్లో చిటికెడేంటి నానమ్మా!"

"వండేవాళ్ళకి తెలుస్తుందిలే. నువ్వు నొక్కు."

ఆవిడ బల్ల ముందు కూర్చుని ముగ్గురినీ పరుగులు పెట్టించేది. అయ్యాక ఎడం చేత్తో గరిటె తీసుకుని గిన్నె అంచు మీద ఠంగుమని కొట్టేది. ఆ చప్పుడుకి ఎక్కడివాళ్ళక్కడ లేచి రావలసిందే. అంతకుముందు ఆ ఇంట్లో బడి ఉన్న రోజుల్లో తలా ఒక వేళకి తినేవారు. పిల్లలు పుస్తకాల ముందు, మగమనిషి వచ్చినప్పుడు, కోడలు అందరూ అయ్యాక నిలబడి. క్యాంటీనమ్మ దగ్గర అది చెల్లలేదు. "ఇది మెత్తబడితే ఎవరికీ పనికిరాదు. వేడిగా ఉన్నప్పుడే లైన్లో రండి," అనేది. అలా కోడలు కూడా కూర్చుని తినడం నేర్చుకుంది. వేడి వేడిగా, అందరితో పాటు. పెళ్ళయ్యాక అలా తిన్నది అప్పుడే.

కొడుకు తినేవాడు. బాగుందనేవాడు. కానీ కుక్కరు ప్లగ్గులో ఉన్నంతసేపూ ఆ గదిలోకి వచ్చేవాడు కాదు. గుమ్మం బయట నిలబడి చూసి, పిడి తిప్పి ఆవిరంతా పోయాక లోపలికొచ్చేవాడు. అది తల్లి చూస్తూనే ఉండేది. ఇష్టం లేకుండా ఇచ్చిన అనుమతి ఎప్పుడు వెనక్కి పోతుందోనని, ప్రతి సాయంత్రం కొడుకు అడుగుల చప్పుడికి ఆవిడ గరిటె ఓ క్షణం ఆగేది. కోడలికి అది కళ్ళకి కనబడేది.

వానాకాలంలో ఒక సాయంత్రం కోడలు పెద్దదాని కళ్ళజోడు బాగుచేయించడానికి ఊరి అవతలికి వెళ్ళింది. తిరుగు బస్సు సగం దారిలో ఆగిపోయింది. పొగ వచ్చింది, అందర్నీ దింపేశారు. రెండో బస్సు రాలేదు. వాన ఆగలేదు. ఫోను చేద్దామంటే అది ఇంట్లోనే ఉంది. చీకటిపడింది. పిల్లలకి ఆకలేస్తుంది. అత్తగారు అన్నీ సిద్ధం చేసి కూర్చుని ఉంటుంది. తను లేకుండా ప్లగ్గు పెట్టకూడదు, సరే. కానీ పిల్లలు ఆకలంటే ఆవిడ ఊరుకుంటుందా? ఆ వణికే చేత్తో మూత బిగించబోతే? సరిగ్గా పడకపోతే? ఏదన్నా అయిందంటే ఇంక ఆ కుక్కరు ఇంట్లో ఉండదు. కుక్కరు పోతే ఆవిడ మళ్ళీ గోడ వైపు తిరుగుతుంది. ఈసారి ఇటు తిప్పడానికి తన దగ్గర ఇంకో మాట లేదు.

కోడలు నడిచింది. నడిచిందనేకంటే పరిగెత్తిందనాలి. కళ్ళజోడు డబ్బా గుండెలకి పొదువుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, వీధి మొదట్లోకి వచ్చేసరికి ఇంట్లో దీపం కనబడింది. గేటు తీసింది. లోపల్నుంచి బుస్సుమని ఆవిరి చప్పుడు.

తలుపు తోసి గుమ్మంలో నిలబడిపోయింది.

కుక్కరు ముందు భర్త ఉన్నాడు. చొక్కా చేతులు పైకి మడిచి, చెక్క గరిటె బారుగా పట్టుకుని, బస్సు ఇంజను ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. నుదురంతా చెమట. పక్కన కుర్చీలో క్యాంటీనమ్మ, మెడ నిక్కించి, చెవి అటు పెట్టి కూర్చుంది.

"వదులు... వదులు... చాలు, మూయ్!"

అతను మూశాడు.

"ఇప్పుడాగు. దాన్ని ఊపిరి తీసుకోనియ్యి. ఏంట్రా అలా బిగుసుకుపోయావ్? అది బస్సు కాదు, పారిపోదు. ఆఁ, మళ్ళీ వదులు... కొంచెం... మూయ్. ఇంత చెయ్యి తిరిగినవాడివి, ఇన్నాళ్ళూ గుమ్మంలో నిలబడి పహరా కాశావు!"

"నువ్వు మాట్లాడితే నాకు చప్పుడు వినబడదమ్మా."

"ఓహో, వినడం కూడా వచ్చిందే. ఇప్పుడు చెప్పు, లోపల ఇంకా ఉందా, పోయిందా?"

అతను తల వంచి విన్నాడు. "ఉంది. కొద్దిగా."

"అదీ. వదులు."

చిన్నది తల్లిని చూసి పరిగెత్తుకొచ్చి, తడి బట్టలు పట్టుకుని గుసగుసగా అంతా చెప్పేసింది. నాన్న వచ్చేసరికి నానమ్మ అన్నీ గిన్నెలో సర్ది, మూత ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట. మూత బిగించబోతే చెయ్యి అటూ ఇటూ పోతోందట. నాన్న బ్రెడ్డు తెస్తానన్నాడట. నానమ్మ సరే అందట. ఒక్క మాట అనలేదట. మూత పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, లేచి మంచం దగ్గరికి వెళ్ళబోయిందట. నాన్న గొడుగు తీసుకుని గుమ్మందాకా వెళ్ళి, గొడుగు మళ్ళీ పెట్టేసి వెనక్కి వచ్చాడట. వచ్చి నానమ్మని భుజాలు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, "ఎలా బిగించాలో చెప్పు," అన్నాడట.

గరిటె గిన్నె అంచు మీద ఠంగుమంది.

"ఆ తడి బట్టలు మార్చుకుని రా అమ్మాయ్, చల్లారిపోతుంది," అంది క్యాంటీనమ్మ. "బస్సు ఆగిపోయిందా?"

"అవునత్తయ్యా, సగం దారిలో. పొగొచ్చింది."

"వీడు బాగుచేసిందే అయ్యుంటుంది."

కొడుకు నవ్వాడు. నిప్పంటుకున్న రోజు తరవాత తల్లి ముందు అతను అలా నవ్వడం కోడలు చూడలేదు. నవ్వుతూనే కంచాలు పరిచాడు. ముందు తల్లికి వడ్డించాడు. వండినవాళ్ళు ఆఖర్న తినాలని ఆవిడ పట్టుబట్టింది. ఇవాళ వండింది నేను అన్నాడతను. దాని మీద కాసేపు వాదన నడిచింది. పాస్తా ఒకవైపు కాస్త మెత్తబడింది, ఒకవైపు కాస్త గట్టిగానే ఉండిపోయింది. ఎవరూ ఏమీ మిగల్చలేదు.

మర్నాడు పొద్దున్న వాన వెలిసింది. కొడుకు డిపోకి బయల్దేరి, బూట్లు వేసుకుని, లేచి నిలబడి, వెళ్ళకుండా ఆగాడు.

"అమ్మా, రాత్రికి ఏం వండుతున్నావ్?"

క్యాంటీనమ్మ బల్ల మీది గరిటె అందుకుంది. కోడలు వంటగది గుమ్మంలో, చేతిలో పిండిగిన్నెతో, కదలకుండా నిలబడింది.

"అదే. ఈసారి పాలకూర కూడా వేద్దామనుకుంటున్నా," అంది ఆవిడ. "వేళకి రా. చేతులు కడుక్కుని రా, ఆ గ్రీజుతో నా గిన్నె ముట్టుకున్నావంటే ఊరుకోను."

"వస్తా."

అతను వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ కిటికీలోంచి చూసింది. ఆ తరవాత కుర్చీని కాలితో బల్ల వైపు తిప్పుకుని, కోడల్ని పిలిచి, పాలకూర ఏ కట్ట లేతగా ఉందో ఇటు పట్టుకొచ్చి చూపించమంది.